ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంటికి మెడికల్ ప్రయారిటీ: కాదన్నప్పుడు రివ్యూ, ఫిర్యాదు చేసే పద్ధతి

ఇంట్లో ఒకరు మెట్లెక్కలేరు, ఉండేదేమో లిఫ్ట్ లేని మూడో అంతస్తు ఫ్లాట్. కౌన్సిల్ హౌసింగ్ రిజిస్టర్‌లో (ఇంటి కోసం ఎదురుచూసేవారి జాబితాలో) పేరు పెట్టుకుంటే, "మీకు మెడికల్ ప్రయారిటీ వర్తించదు" అని రెండు లైన్ల జవాబు వస్తుంది. ఆ తర్వాత ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాం. ఇదంతా ఇంగ్లండ్‌కి సంబంధించింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టం వేరు, ఓంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) వేరు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. కౌన్సిల్ తూచేది జబ్బు ఎంత పెద్దదో కాదు. ఇప్పుడున్న ఇల్లు ఆ జబ్బుని ఎంత ముదరబెడుతోంది, ఇల్లు మారితే ఎంత తేడా వస్తుంది అన్నదే. క్యాన్సర్ ఉన్నవారికి ప్రయారిటీ రాకపోవచ్చు, మోకాళ్ళు అరిగినవారికి రావచ్చు. అన్యాయంగా కనిపిస్తుంది కానీ లెక్క అదే. మీరు పంపే ప్రతి కాగితం ఆ లెక్కకే జవాబు చెప్పాలి.

1. ముందు అర్హత సరిచూసుకోండి

హౌసింగ్ యాక్ట్ 1996, పార్ట్ 6 ప్రకారం ఇళ్ళ కేటాయింపు జరుగుతుంది. ఇమిగ్రేషన్ అర్హత లేకపోతే ఎంత మెడికల్ ఆధారం ఉన్నా లాభం లేదు.

- బ్రిటిష్ పౌరులు, ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఉండే అనుమతి) వచ్చినవారు, ఈయూ సెటిల్డ్ స్టేటస్ ఉన్నవారు, శరణార్థి హోదా ఉన్నవారు సాధారణంగా అర్హులు. ఇక్కడే స్థిరనివాసం ఉందా అన్నది కూడా కొందరి విషయంలో చూస్తారు.
- స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసాల మీద "ప్రభుత్వ నిధులు వర్తించవు" అనే షరతు ఉన్నవారు అర్హులు కారు. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.
- స్పాన్సర్ హామీపత్రం మీద ఐఎల్ఆర్‌తో వచ్చిన తల్లిదండ్రులకు సాధారణంగా 5 ఏళ్ళ దాకా అర్హత ఉండదు. విజిటర్ వీసా మీద వచ్చి వెళ్ళే అమ్మానాన్నలను కుటుంబ సభ్యులుగా లెక్కించి ఇంకో బెడ్‌రూం ఇవ్వరు.

ఆ తర్వాత స్థానిక షరతులు: ఆ కౌన్సిల్ పరిధిలో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఆదాయం ఎంత, పాత అద్దె బకాయిలున్నాయా. ఇవి కౌన్సిల్‌కీ కౌన్సిల్‌కీ మారతాయి. "క్వాలిఫై కాలేదు" అంటే కారణాలతో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే. దాని మీదా రివ్యూ (పునఃపరిశీలన) అడగొచ్చు.

2. అలొకేషన్ స్కీమ్ చేతిలో పెట్టుకోండి

ప్రతి కౌన్సిల్‌కీ రాతపూర్వకమైన కేటాయింపు విధానం ఉండాలి. వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. సారాంశం ఉచితంగా ఇవ్వాలి, పూర్తి ప్రతి చూపించాలి. అందులో మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి: మెడికల్ బ్యాండ్ల (ప్రాధాన్య తరగతుల) నిర్వచనాలు, బెడ్‌రూంల లెక్క, రివ్యూ గడువు.

నిర్వచనాలను మాట మాటా చదవండి. ఒక స్కీమ్‌లో పై బ్యాండ్‌కి "ఇంట్లో ముఖ్యమైన గదులకు చేరలేని స్థితి" అని ఉంటే, కింది బ్యాండ్‌కి "ఇల్లు ఆరోగ్యాన్ని మధ్యస్థంగా దెబ్బతీస్తోంది" అని ఉండొచ్చు. మీ వాదన అంతా ఆ మాటల చుట్టూ అల్లుకోవాలి.

వైద్య కారణాలతో, వైకల్యం వల్ల ఇల్లు మారాల్సినవారికి "తగిన ప్రాధాన్యం" ఇవ్వాలని సెక్షన్ 166ఎ(3) చెబుతుంది. అయితే దీన్ని ఉన్నదానికంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంట్లో ముగ్గురికి జబ్బులుంటే మూడింటినీ కలిపి బ్యాండ్ పెంచాల్సిందేనన్న వాదన 2009లో న్యూహామ్ కౌన్సిల్ మీద అహ్మద్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి ఓడిపోయింది. మీ స్కీమ్‌లో అవసరాలను కలిపి చూస్తామని రాసి ఉంటే మాత్రం ఆ పేరా నంబరుతో సహా చూపించండి, అప్పుడది గట్టి వాదన.

3. ఆధారాలు: గెలుపోటములు తేలేది ఇక్కడే

అప్లికేషన్‌కైనా రివ్యూకైనా ఆధారాలు ఇవే. దీనికి రెండు మూడు వారాలు పట్టినా పర్వాలేదు. రివ్యూ గడువు దగ్గర పడితే ముందు చిన్న ఉత్తరం పంపి, "ఆధారాలు ఫలానా తేదీలోగా ఇస్తాను" అని రాయండి.

ఇల్లు కొలవండి. టేపు పట్టుకుని ఈ అంకెలు రాసుకోండి:

- వీధి తలుపు నుంచి ఫ్లాట్ తలుపు దాకా మెట్లెన్ని, మలుపులెన్ని, పట్టుకునే రెయిలింగ్ ఏ పక్కన ఉంది
- బాత్రూం తలుపు తెరిస్తే మిగిలే ఖాళీ వెడల్పు, సెంటీమీటర్లలో. పక్కనే వీల్‌చెయిర్ లేదా వాకర్ వెడల్పు
- బాత్ టబ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తు
- మంచం నుంచి టాయిలెట్‌కి మధ్య ఉన్న మెట్లు
- లిఫ్ట్ ఉంటే, అది పాడైన తేదీలు

తలుపు దగ్గర టేపు ఆనించి, అంకె కనబడేలా ఫొటో తీయండి. "తలుపు ఖాళీ 61 సెంటీమీటర్లు, వీల్‌చెయిర్ 66" అన్న ఒక్క ఫొటో నాలుగు పేజీల గోడు కంటే ఎక్కువ చెబుతుంది.

14 రోజుల డైరీ రాయండి. తేదీ, సమయం, ఇంట్లో ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు సాయపడ్డారు. ఇలా ఉండాలి: "మంగళవారం రాత్రి 2.10. టాయిలెట్ కోసం మెట్లు దిగుతుంటే కుడి మోకాలు మడత పడింది. భర్త వెనక నుంచి పట్టుకున్నారు. మళ్ళీ ఎక్కలేక తెల్లారే దాకా కింద సోఫాలోనే." ఏడుపు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చాలు. మంచి రోజుల్నీ రాయండి. అన్నీ చెడ్డ రోజులే అని రాస్తే చదివేవారు నమ్మరు.

డాక్టర్ ఉత్తరం. "ఈమెకు ఆస్తమా ఉంది, పెద్ద ఇల్లు ఇప్పించగలరు" అని జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) రాసిచ్చేది దాదాపుగా బుట్టదాఖలే. ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాల్సిన విషయం కాదని కౌన్సిల్ పక్కన పెట్టేస్తుంది. ఉత్తరంలో ఉండాల్సినవి ఇవి:

- జబ్బు పేరు, ఎప్పటి నుంచి, ఎంతకాలం ఉండబోతోంది
- రోగి ఏం చేయగలరు, ఏం చేయలేరు: ఎన్ని మెట్లు, ఎంత దూరం, ఎంతసేపు నిలబడగలరు
- ఇంట్లో ఏ భాగం ఏ హాని చేస్తోంది
- ఇలాగే ఉంటే ఏమవుతుంది: పడిపోవడం, ఆసుపత్రి పాలవడం, చికిత్స ఆగిపోవడం
- ఎలాంటి ఇల్లయితే ఆ హాని తగ్గుతుంది

ఈ ఐదూ ఒక కాగితం మీద ప్రశ్నలుగా రాసి డాక్టర్‌కి ఇవ్వండి. హౌసింగ్ ఉత్తరం రాయడం జీపీకి తప్పనిసరి పని కాదు, రుసుము అడగొచ్చు. స్పెషలిస్ట్ క్లినిక్ నుంచి మీకు వచ్చే ప్రతులు, మీ మెడికల్ రికార్డు మాత్రం ఉచితమే. వాటిలో పనికొచ్చే లైన్లకు రంగు పూసి పంపండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకున్న ఆపరేషన్ల డిశ్చార్జ్ సమ్మరీలు నేరుగా కౌన్సిల్‌కి పంపితే అంతగా విలువ ఇవ్వరు. వాటిని ముందు ఇక్కడి జీపీకి ఇచ్చి రికార్డులో చేర్పించండి, అప్పుడు ఇక్కడి డాక్టర్ ఉత్తరంలో ఆ చరిత్ర వస్తుంది.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు ఎలా చేసుకోగలరో అంచనా వేసే నిపుణులు) రిపోర్ట్. మెట్లు, బాత్రూం, వీల్‌చెయిర్ సమస్యలకు దీన్ని మించిన కాగితం లేదు, ఎందుకంటే ఆ మనిషి ఇంటికొచ్చి చూస్తారు. కౌన్సిల్ సోషల్ కేర్ విభాగాన్ని కేర్ యాక్ట్ 2014 కింద అసెస్‌మెంట్ అడగండి, ఉచితం. వెయిటింగ్ ఎక్కువ ఉంటుంది కాబట్టి మొదటి రోజే అడగండి. వారు వచ్చిన రోజు ఇల్లు సర్ది, మొహమాటానికి "నెమ్మదిగా నేనే చేసుకుంటానండీ" అనకండి. మన పెద్దవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటారు. వచ్చినవారి ముందు ఓపిక తెచ్చుకుని మెట్లెక్కి చూపిస్తారు, రిపోర్ట్‌లో "స్వతంత్రంగా ఎక్కగలరు" అని పడుతుంది. ఎక్కాక పది నిమిషాలు ఆయాసపడితే ఆ పది నిమిషాలూ వారు చూడాలి.

పిల్లలకు వేరే గది కావాలంటే, ఉదాహరణకు ఆటిజం ఉన్న బాబు రాత్రి మూడు నాలుగు సార్లు లేచి అరుస్తుంటే, బాబు గురించిన పీడియాట్రిషన్ ఉత్తరం సగం ఆధారమే. మిగతా సగం అదే గదిలో పడుకునే చెల్లి నిద్రా, చదువూ ఏమవుతున్నాయో చెప్పే స్కూల్ ఉత్తరం. పిప్, డీఎల్ఏ (వైకల్య భత్యాల) అవార్డు లెటర్లు జతచేయండి కానీ వాటి మీదే ఆధారపడకండి. వాటిలో మీ ఇంటి ప్రస్తావనే ఉండదు.

అన్నీ పోగయ్యాక పైన ఒక పేజీ సూచిక పెట్టండి. 60 పేజీల స్కాన్‌లను కలగాపులగంగా ఎక్కిస్తే, చదివేవారు పది పేజీల దగ్గర ఆగుతారు.

4. నిర్ణయం రాతలో తీసుకోండి

ఫోన్‌లో "మీది బ్యాండ్ సి అండీ" అంటే అది చాలదు. సెక్షన్ 166ఎ(9) కింద, మీ అప్లికేషన్‌లో ఏ వాస్తవాలను లెక్కలోకి తీసుకున్నారో చెప్పమని అడిగే హక్కు, ఆ నిర్ణయంపై రివ్యూ అడిగే హక్కు మీకున్నాయి. ఈమెయిల్‌లో ఈ సెక్షన్ నంబరు రాసే అడగండి.

అదే రోజు సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మీ గురించి వారి దగ్గరున్న సమాచారం కోరే అర్జీ) కూడా పెట్టండి: మీ హౌసింగ్ ఫైలు, కౌన్సిల్ మెడికల్ అడ్వైజర్ రాసిన అభిప్రాయం, ఫోన్ కాల్ నోట్సు. ఉచితం, సాధారణంగా ఒక నెలలో ఇవ్వాలి. చాలా కౌన్సిళ్ళు బయటి డాక్టర్ల చేత కాగితాలు మాత్రమే చూపించి అభిప్రాయం తీసుకుంటాయి. ఆ డాక్టర్ మీవాళ్ళను ఒక్కసారైనా చూసి ఉండరు. ఆ అభిప్రాయం చదివితేగానీ దేనికి జవాబు చెప్పాలో మీకు తెలియదు.

5. రివ్యూ ఉత్తరం

రివ్యూ, ఫిర్యాదు వేర్వేరు దారులు. "నిర్ణయం తప్పు" అనడానికి రివ్యూ. "ఆలస్యం చేశారు, కాగితాలు పోగొట్టారు, తప్పుడు సమాచారం ఇచ్చారు, అమర్యాదగా మాట్లాడారు" అనడానికి ఫిర్యాదు. నిర్ణయం నచ్చక ఫిర్యాదు పెడితే, రెండు నెలల తర్వాత "ముందు రివ్యూ అడగండి" అని తిప్పి పంపుతారు, ఈలోగా రివ్యూ గడువు దాటిపోతుంది. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే.

గడువు మీ స్కీమ్‌లో ఉంటుంది. నిర్ణయం అందిన నాటి నుంచి 21 రోజులు, రివ్యూ ముగించడానికి 8 వారాలు సమంజసమని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మొదటి నిర్ణయంలో పాలుపంచుకోని అధికారి దీన్ని చూడాలి.

ఉత్తరం రెండు పేజీలు దాటనివ్వకండి. ఈ వరుసలో రాయండి:

- పేరు, రిఫరెన్స్ నంబరు, నిర్ణయం తేదీ, "సెక్షన్ 166ఎ(9) కింద రివ్యూ కోరుతున్నాను"
- ఏ బ్యాండ్ ఇచ్చారు, స్కీమ్‌లోని ఏ పేరా ప్రకారం ఏ బ్యాండ్ రావాలి
- నిర్ణయంలో వదిలేసిన వాస్తవాలు, ఒక్కోదాని పక్కన ఆధారం పేజీ నంబరు
- మెడికల్ అడ్వైజర్ అభిప్రాయంలో ఎక్కడ తేడా ఉంది
- కోరేది: కొత్త బ్యాండ్, బెడ్‌రూంల సంఖ్య, అది అమల్లోకి రావాల్సిన తేదీ

నాలుగో అంశం మీద కాస్త ఆగండి. రోగిని స్వయంగా పరీక్షించిన స్పెషలిస్ట్ ఒకటి చెబుతుంటే, కాగితం మాత్రమే చూసిన సలహాదారు వేరేది చెప్పినప్పుడు, సలహాదారు చూడలేదన్న సంగతిని కౌన్సిల్ లెక్కలోకి తీసుకోవాలని 2007లో షాలా వర్సెస్ బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ కేసులో కోర్ట్ ఆఫ్ అపీల్ చెప్పింది. అది నిరాశ్రయుల అప్లికేషన్‌కి సంబంధించిన తీర్పు, అయినా ఇక్కడా అదే తర్కం చూపొచ్చు. "మా కన్సల్టెంట్ మూడేళ్ళుగా చూస్తున్నారు, మీ సలహాదారు ఒక్కసారీ చూడలేదు, ఎవరి మాటను ఎందుకు తీసుకున్నారో కారణం చెప్పండి" అని రాయండి.

ఐదో అంశంలో తేదీ ఎందుకంటే, ఒకే బ్యాండ్‌లో ఇద్దరుంటే సాధారణంగా ముందు తేదీ ఉన్నవారికే ఇల్లు వస్తుంది. ఆధారాలన్నీ మార్చిలో ఇస్తే, కౌన్సిల్ నవంబర్‌లో చూసి నవంబర్ తేదీ వేస్తే, మీరు ఎనిమిది నెలలు వెనక్కి పోయినట్టే. మార్చి తేదీయే అడగండి.

ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాతలో అడగండి. పదేళ్ళ పిల్లల చేత తల్లి ఆపరేషన్ వివరాలు చెప్పించకండి. వైకల్యం వల్ల ఫారం నింపలేకపోతే, ఈక్వాలిటీ యాక్ట్ 2010 కింద పెద్ద అక్షరాల ప్రతి, అదనపు గడువు, ఇంటికొచ్చి మాట్లాడడం లాంటి సర్దుబాట్లు కోరొచ్చు.

6. ఫిర్యాదు

రివ్యూ అడిగినా జవాబు లేకపోవడం, ఆధారాలు చూడకుండానే కాదనడం, రివ్యూ హక్కు ఉందనే చెప్పకపోవడం: ఇవి ఫిర్యాదుకు తగిన కారణాలు. "ఫార్మల్ కంప్లయింట్, స్టేజ్ 1" అని పైనే రాయండి, లేకపోతే మామూలు ఎంక్వయిరీల్లో కలిపేస్తారు.

లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఓంబుడ్స్‌మన్ 2024లో విడుదల చేసిన ఫిర్యాదుల కోడ్ ప్రకారం 5 పనిదినాల్లో అందినట్టు చెప్పాలి, అక్కడి నుంచి 10 పనిదినాల్లో స్టేజ్ 1 జవాబు, స్టేజ్ 2కి 20 పనిదినాలు. క్లిష్టమైన కేసుల్లో పొడిగించుకోవచ్చు, కానీ ఆ సంగతి మీకు చెప్పాలి.

తేదీల వరుసతో రాయండి: ఏ రోజు ఏం పంపారు, ఏ రోజు ఎవరు ఏమన్నారు. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ అదే రోజు "ఇందాక మీరు చెప్పింది ఇది" అని ఒక ఈమెయిల్ పంపితే, ఆ వరుస దానంతటదే తయారవుతుంది. చివర్లో ఏం కావాలో స్పష్టంగా చెప్పండి: క్షమాపణ, ఫలానా తేదీలోగా మెడికల్ అసెస్‌మెంట్, తేదీ వెనక్కి జరపడం.

స్థానిక కౌన్సిలర్, ఎంపీల చేత ఉత్తరం రాయించడం ఆగిపోయిన ఫైలు కదలడానికి పనికొస్తుంది. బ్యాండ్ మార్చే అధికారం వారికి లేదు.

7. ఓంబుడ్స్‌మన్‌లు ఇద్దరు

- రిజిస్టర్, బ్యాండ్, మెడికల్ ప్రయారిటీ, నిరాశ్రయుల అప్లికేషన్: లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఓంబుడ్స్‌మన్
- ఇప్పటికే ఉన్న కౌన్సిల్ లేదా హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో చెమ్మ, బూజు, రిపేర్లు: హౌసింగ్ ఓంబుడ్స్‌మన్

బూజు వల్ల ఆస్తమా ముదిరితే రెండు దారులూ విడివిడిగా నడపండి. సోషల్ హౌసింగ్‌లో 2025 అక్టోబర్ 27 నుంచి అవాబ్ చట్టం (ఇంట్లోని ప్రమాదాల మీద గడువులోగా చర్య తీసుకోవాలనే నియమం) అమల్లో ఉంది: అత్యవసర ప్రమాదాలకు 24 గంటలు, తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదును పరిశీలించడానికి 10 పనిదినాలు. రిపేర్ ఫిర్యాదుని బ్యాండ్ ఫిర్యాదులో కలిపితే రెండూ చిక్కుపడతాయి.

ఓంబుడ్స్‌మన్ దగ్గరికి సాధారణంగా విషయం తెలిసిన 12 నెలల్లోగా వెళ్ళాలి, కౌన్సిల్ రెండు స్టేజ్‌లూ పూర్తయ్యాక. ఖర్చు లేదు. మీకు ఇల్లు ఇమ్మని గానీ ఫలానా బ్యాండ్ ఇమ్మని గానీ వారు నేరుగా చెప్పరు; నిర్ణయం తీసుకున్న పద్ధతిలో లోపం ఉందా, దానివల్ల మీకు నష్టం జరిగిందా అని చూస్తారు. అందుకే బిడ్ల (ఖాళీ అయిన ఇళ్ళ కోసం మీరు పెట్టిన దరఖాస్తుల) జాబితా దాచుకోవాలి: తేదీ, ఇంటి రిఫరెన్స్, మీ స్థానం ఎంత. సరైన బ్యాండ్ ఉంటే ఫలానా ఇల్లు మీకే వచ్చేదని చూపగలిగితే, ఫిర్యాదు బరువు ఒక్కసారిగా పెరుగుతుంది.

రివ్యూ నిర్ణయం చట్టవిరుద్ధంగా ఉందనిపిస్తే జుడీషియల్ రివ్యూ (నిర్ణయం చట్టబద్ధమా అని కోర్టు చూడడం) ఉంది. ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 3 నెలల్లోగా వేయాలి. ఓంబుడ్స్‌మన్ జవాబు కోసం ఆగితే ఆ గడువు ఆగదు. ఆదాయం తక్కువైతే లీగల్ ఎయిడ్ ఉండొచ్చు. మొదటి నెలలోనే హౌసింగ్ సొలిసిటర్‌నో, ఇళ్ళ సమస్యలకు సాయపడే స్వచ్ఛంద సంస్థ షెల్టర్ హెల్ప్‌లైన్‌నో (0808 800 4444) అడగండి.

8. ఈలోగా ఆపకూడనివి

- బిడ్లు వేస్తూనే ఉండండి. రివ్యూ నడుస్తోందని ఆపేస్తే "అవసరం లేనట్టుంది" అనుకుంటారు, కొన్ని స్కీమ్‌లలో బ్యాండ్ తగ్గిస్తారు.
- ఏటా వచ్చే రెన్యూవల్ ఈమెయిల్‌కి జవాబివ్వండి. స్పామ్‌లో పడి, పేరు రిజిస్టర్ నుంచి పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.
- బిడ్డ పుట్టినా, ఆపరేషన్ అయినా, వీల్‌చెయిర్ వచ్చినా వెంటనే తెలియజేయండి. తేదీ అప్పటి నుంచే లెక్క.
- ఇల్లు చూపించి సరిపోదనిపిస్తే, నోటితో కాదనకండి. ఎందుకు సరిపోదో మెడికల్ కారణంతో రాసి, కాదంటే పర్యవసానం ఏమిటో రాతలో అడిగాకే నిర్ణయించుకోండి.
- ఉన్న ఇంట్లోనే స్టెయిర్‌లిఫ్ట్, లెవెల్ షవర్ పెట్టించే వీలుంటే డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్‌కి అప్లై చేయండి. ఇంగ్లండ్‌లో గరిష్ఠం 30,000 పౌండ్లు, 18 ఏళ్ళలోపు పిల్లల కోసమైతే ఆదాయ పరీక్ష లేదు. మార్పులు సాధ్యం కాదని థెరపిస్ట్ తేలిస్తే, ఆ కాగితమే మీ రివ్యూకి బలమైన ఆధారం.

ఇల్లు అసలు ఉండలేని స్థితికి వస్తే, ఉదాహరణకు స్ట్రోక్ తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి ఆ మెట్లెక్కే అవకాశమే లేకపోతే, అదే కౌన్సిల్‌లో హౌసింగ్ యాక్ట్ పార్ట్ 7 కింద నిరాశ్రయుల అప్లికేషన్ పెట్టొచ్చు. తలదాచుకునే కప్పు ఉన్నా, అందులో కొనసాగడం సమంజసం కాదంటే చట్టం నిరాశ్రయుల కిందే లెక్కిస్తుంది. డిశ్చార్జ్ తేదీ చెప్పకముందే వార్డులో ఉన్న డిశ్చార్జ్ టీంకి ఈ సంగతి చెప్పి, కౌన్సిల్‌కి రాయించండి. ఈ దారిలో రివ్యూ గడువు చట్టప్రకారమే 21 రోజులు, కౌంటీ కోర్టు అపీల్‌కి మరో 21 రోజులు.

ఈ అప్లికేషన్ పెట్టే రోజున కూడా ఇల్లు ఖాళీ చేయకండి, టెనెన్సీ వదులుకుంటున్నట్టు సంతకం చేయకండి, తాళాలు తిరిగివ్వకండి. తనంతట తానుగా ఇల్లు వదులుకున్నారని కౌన్సిల్ తేల్చే ప్రమాదం ఉంది. కొత్త ఇంటి ఆఫర్ రాతలో చేతికి వచ్చాక, అది కూడా సలహాదారుకు చూపించాకే పాత ఇంటికి నోటీసు ఇవ్వండి.